పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీయా, కొత్త ఫోనా, సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైనదా: ఏది మేలు?

మా ఇంట్లో మూడు ఫోన్లు కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయి. మూడింటికీ మూడు రకాల వైద్యం చేశాం. అమ్మ ఫోన్‌కి బ్యాటరీ మార్పించాం, నేను ఇరవై వేల లోపు కొత్తది కొన్నాను, తమ్ముడు మాత్రం 2021లో డెబ్బై వేలు పైన పలికిన ఫోన్‌ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాడు. ఆరు నెలలైంది కాబట్టి ఎవరిది తెలివైన పనో ఇప్పుడు కాస్త ధైర్యంగా చెప్పగలను.

ముందు అమ్మది. పొద్దున వంద శాతం ఉన్న చార్జి భోజనాల వేళకి ఇరవైకి దిగేది, వీడియో కాల్ మాట్లాడుతుంటే పద్దెనిమిది ఉండగానే ఠపీమని ఆగిపోయేది. "ఇక దీని పని అయిపోయిందిరా" అని అమ్మ తేల్చేసింది. పని అయిపోయింది ఫోన్‌ది కాదు, లోపలున్న బ్యాటరీది. మామూలుగా ఫోన్ బ్యాటరీ ఓ ఐదు వందల సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి కొత్తలో పట్టినదాంట్లో ఎనభై శాతమే పడుతుంది, రోజూ చార్జింగ్ పెట్టేవాళ్ళకి రెండేళ్ళలోపే ఆ గీత దాటేస్తుంది. అమ్మది నాలుగేళ్ళది మరి. సర్వీస్ సెంటర్‌లో 2,200 తీసుకున్నారు, గంటన్నర కూర్చున్నాం, అంతే. ఫోటోలు, నంబర్లు, వాట్సాప్ అన్నీ ఎక్కడివక్కడే.

అయితే బ్యాటరీకి డబ్బు పెట్టేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సెక్యూరిటీ అప్‌డేట్ (దొంగలు దూరే సందులు మూసేందుకు కంపెనీ పంపే మార్పులు) ఎప్పటిదో చూడండి. ఏడాది కిందటి తేదీ కనిపిస్తే ఆ ఫోన్‌ని కంపెనీ వదిలేసినట్టే, బ్యాంకు యాప్‌లు వాడేవాళ్ళు దాని మీద ఇంకో రూపాయి పెట్టడం దండగ. ఇంకో మాట, వెనక మూత లేచినట్టుండి, బల్ల మీద వెల్లకిలా పెడితే ఫోన్ ఊగుతుంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలాంటిదాన్ని చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, నేరుగా తీసుకెళ్ళి చూపించండి.

ఇక నా కొత్త ఫోన్. రాసి ఉన్న ధరకి ఏదీ ఇంటికి రాదు. నో కాస్ట్ ఈఎంఐ అంటారు గానీ బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు వేస్తుంది, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కడతాం. డబ్బాలో చార్జర్ లేదు. పౌచ్, టెంపర్డ్ గ్లాస్ సరేసరి. అన్నీ కలిపి రెండు వేలు అదనం.

డబ్బు సంగతి పక్కన పెట్టండి, అసలు ఖర్చు అలవాటు పడటంలో ఉంది. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో తెరవగానే మన సిమ్ నుంచి అదే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, రెండు సిమ్‌లు ఉంటే బ్యాంకులో ఇచ్చిన నంబర్‌దే ఎంచుకోవాలి. అక్కడిదాకా బాగానే జరిగింది. ఆ రోజు ఒకటో తారీకు. అద్దె పంపబోతే వెళ్ళలేదు. ఫోన్ మార్చాక మొదటి 24 గంటలు ఐదు వేలకు మించి పంపనివ్వరని అప్పుడు తెలిసింది, మోసగాళ్ళు మన నంబర్‌తో ఇంకో ఫోన్‌లో దూరితే నష్టం తగ్గాలని పెట్టిన నియమం, మంచిదే, కానీ ఓనర్ గారికి ఆ కథంతా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. కాబట్టి ఫోన్ మార్చేది నెల మధ్యలో మార్చండి.

వాట్సాప్‌కి బ్యాకప్ కోసం తిప్పలు పడక్కర్లేదు. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కే అయితే చాట్స్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌ఫర్ అని ఉంటుంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా వచ్చేస్తాయి. ఐఫోన్‌కి మారేవాళ్ళు మాత్రం ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో తెచ్చుకోవాలి, మర్చిపోతే రీసెట్ చేసి మళ్ళీ మొదటికి రావాలి. కింద మూడు బటన్లు మాయమై వేలితో తోయాల్సి వస్తే కంగారు పడకండి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనో, సిస్టమ్‌లోనో వెతికితే ఆ బటన్లు తిరిగి వస్తాయి.

తమ్ముడి ఫోన్ ఫోటోలు నా కొత్తదానికన్నా ఇప్పటికీ బాగుంటాయి, రాత్రి తీసినవైతే పోలికే లేదు. కానీ ఆ ఫోన్‌కి అప్‌డేట్లు ఇంకెన్నాళ్ళో రావు, బ్యాటరీకి వాడూ వెంటనే డబ్బు పెట్టాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కొంటే మాత్రం డబ్బు ఇచ్చేముందు స్టార్ హాష్ 06 హాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి ఒక్కో గుర్తింపు సంఖ్య) చూసి, ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబర్ పెట్టి 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అని వస్తే అది దొంగ ఫోన్ కావచ్చు, వెనక్కి ఇచ్చేయండి. అమ్మేవాడి అకౌంట్ ఫోన్‌లోంచి మన కళ్ళముందే తీయించాలి.

నా ఓటు అడిగితే, అప్‌డేట్లు వస్తున్న ఫోన్‌కి బ్యాటరీ మార్చడమే మేలు, అవి ఆగిపోయిన రోజున కొత్తది. అప్పుడు కూడా కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో తర్వాత, అప్‌డేట్లు ఎన్నేళ్ళో ముందు అడగండి. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ లాంటి ఇరవై వేల లోపు దానికే ఆరేళ్ళు ఇస్తామన్నారు, అంటే ఈ అద్దె కథ ఆరేళ్ళకి ఒక్కసారే. సెకండ్ హ్యాండ్ తమ్ముడిలాంటి ఫోటోల పిచ్చోళ్ళకి.

ఎక్స్చేంజ్‌లో నా పాతదానికి 3,500 అన్నారు. కొత్తది చేతిలో పెట్టిన నిమిషమే పాతది తీసుకెళ్తామంటే వద్దన్నాను. ఐదో రోజు ఆఫీసు మెయిల్ ఆరంకెల కోడ్ అడిగింది, ఆ కోడ్ వచ్చే యాప్ పాత ఫోన్‌లోనే ఉంది. బీరువాలోంచి తీసి చూస్తే నాలుగు శాతం చార్జి.