పది గ్రాముల లెక్క, తొమ్మిది యువాన్ల కషాయం

చైనాలోని గ్వాంగ్‌జౌలో మూలికల దుకాణానికి వెళ్తే పెద్ద అంకె ఒక్కటే చూసి తలూపకండి. అది ఎన్ని గ్రాముల ధరో పక్కనే చిన్నగా రాసి ఉంటుంది. నేను చూసుకోలేదు. 570 యువాన్లు, అంటే దాదాపు 6,800 రూపాయలు వదిలాయి.

మా ఆయన లైట్ల సరుకు కోసం జూలైలో వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. హోటల్ శుభ్రం, మెట్రో సుఖం. ఎండ మాత్రం విజయవాడకి అక్కలా ఉంది, పైగా ఉక్క. జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా ఉండే ఆ రోజుల్ని 'సాన్‌ఫూ' అంటారు. కాకరకాయ, బూడిద గుమ్మడి సూపు, పెసల జావ, ఏ హోటల్లో చూసినా ఇవే. మంచినీళ్లు అడిగితే వేడినీళ్లిస్తారు. రెండో పూటకే మా ఆయనకి చిర్రెత్తింది.

నేనేమో లిచీలు చవగ్గా ఉన్నాయని ఒక రాత్రిలో కిలో లాగించాను. తెల్లారేసరికి నోరంతా పూత. మాకు మాట సాయానికి వచ్చిన అమ్మాయి చూసి 'షాంగ్‌హువో' అంది, ఒంట్లో నిప్పు పైకెక్కిందట. మామిడిపళ్లు ఎక్కువ తిన్నప్పుడు మా అమ్మ 'వేడి చేసిందే' అంటుంది చూడండి, అచ్చం అదే!

వీధి చివర లియాంగ్‌చా కొట్టుకి తీసుకెళ్లింది. సొరకాయ ఆకారంలో పెద్ద ఇత్తడి పాత్రలు, వాటికి కుళాయిలు. చలవ టీ అని పేరే గాని అందులో తేయాకు లేదు, ఇచ్చింది వేడివేడిగా. 'ఇరవై నాలుగు రుచులు' రకం గ్లాసు 9 యువాన్లు. రుచులన్నీ ఒకటే, చేదు. నేలవేము దీని ముందు పాయసం. తాగాక చప్పరించడానికి ఎండు పండు ముక్క ఇచ్చారు. చేదు పడనివాళ్లు ఐదు పూల టీ అడగండి, తియ్యగా ఉంటుంది. పక్క కొట్లో 8 యువాన్ల పెసల జావలో సముద్రపు నాచుతోపాటు ఏదో ఎరిగిన వాసన వచ్చింది. నలిపి చూస్తే సదాపాకు! మా అమ్మమ్మ పెరట్లోది, అక్కడ గిన్నెలో.

ఆ ఉత్సాహంలోనే, ఆ అమ్మాయి లేకుండా, అద్దాల దుకాణంలోకి దూరాను. షీహూ అట, ఎండబెట్టి స్ప్రింగులా చుట్టిన ఆర్కిడ్ కాడలు, ఒంటికి చలవ అని చేతులతో చూపించారు. చీటీ మీద 38. అరకిలో ధర అనుకుని గుప్పెడు తీయించాను. తూకం 150 గ్రాములు. నేను పర్సు తీసేలోపే మిషన్లో వేసి పొడి కొట్టేశారు. ఇక వెనక్కి ఎలా ఇస్తాం? 38 అన్నది పది గ్రాములకి.

"చూసుకోవద్దా?" అన్నారు మా ఆయన.

"కింద రాసింది చైనీసండీ."

"పది అని ఉందిగా, అదీ చైనీసేనా?"

ఆ పూట మళ్లీ మాట్లాడలేదు. నోటిపూత మూడో రోజుకి తగ్గింది, కషాయం వల్లో లిచీలు మానడం వల్లో మరి. వచ్చే ముందురోజు మా ఆయనే ఆ కషాయం కొట్టు దగ్గర ఆగి, రెండు వేళ్లు చూపించి 18 యువాన్లు కట్టారు. ఎండు పండు ముక్కలు రెండూ ఆయనే తిన్నారు.