ఆరేళ్లు వాడాక మా మోటార్ హోమ్ గ్యాస్ గీజరు గురించి

మా మోటార్ హోమ్‌లో (ఇల్లులా అమర్చుకున్న బండిలో) ఉన్నది 23 లీటర్ల ట్యాంకు గీజరు. మండేది ప్రొపేన్‌తో, దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకు 12 వోల్టుల బ్యాటరీ ఆధారం. కొనవచ్చా అని అడిగితే కొనవచ్చనే అంటాను. అది మొండికేసిన ప్రతిసారీ తప్పు ఒకచోట ఉంటే నేను ఇంకోచోట వెతికాను.

రెండో ఏడాది జరిగింది చెబుతాను. స్విచ్ వేయగానే టకటకమని నిప్పురవ్వలు, భగ్గున మంట, కొన్ని క్షణాలకే ఆరిపోవడం. మూడుసార్లు అలా ప్రయత్నించి ఎర్ర లైటు వెలిగించి ఊరుకునేది. మంట వస్తోందంటే గ్యాస్ ఉన్నట్టే, వాల్వు తెరుచుకుంటున్నట్టే. ఇక మిగిలింది బోర్డే అనుకుని కొత్తది తెప్పించాను. మళ్లీ అదే తంతు!

మంట ఉందో లేదో బోర్డు పసిగట్టేది ఆ మంట గుండా పారే అతి స్వల్పమైన విద్యుత్తుతో. అది ఎలక్ట్రోడు (మంటలో ఉండే సన్నని లోహపు పుల్ల) నుంచి మంట మీదుగా బర్నరుకు, అక్కడి నుంచి ఎర్త్ తీగ గుండా బోర్డుకు చేరాలి. ఆ తీగను బిగించిన స్క్రూ తుప్పు పట్టి ఉంది. నా కళ్ల ముందు మంట మండుతున్నా బోర్డు లెక్కలో అది లేనట్టే, కాబట్టి గ్యాస్ ఆపేస్తోంది. తప్పు పట్టడానికి లేదు. గరుకు కాగితంతో తుప్పు గీకి బిగించాను, ఎలక్ట్రోడు మీది మసి తుడిచాను. అంతటితో సరిపోయింది. పాత బోర్డును మళ్లీ పెట్టి చూస్తే అదీ నిక్షేపంగా పనిచేసింది.

ఎక్కువసార్లు విసిగించింది మాత్రం సాలీడు. బండి నెలల తరబడి కదలకపోతే బర్నరు గొట్టంలో గూడు కట్టేస్తుంది. గాలి సరిగా కలవక నీలి మంట పసుపు రంగుకు తిరిగి మసి పడుతుంది. గ్యాస్ కట్టేసి, అంతా చల్లారాక సన్నని బ్రష్షుతో గొట్టం శుభ్రం చేస్తాను. గ్యాస్ వచ్చే సన్న రంధ్రంలో పిన్ను పెట్టి పొడవకండి, అది పెద్దదైతే మంట అదుపు తప్పుతుంది. గ్యాస్ వాసన తగిలితే ఈ పనులేవీ వద్దు. మంటలన్నీ ఆర్పి, సిలిండరు కట్టేసి, బయటికి వచ్చేయండి.

ఒకసారి నీళ్లు గోరువెచ్చగానే వస్తుంటే థర్మోస్టాట్‌ను తిట్టుకున్నాను. చలికాలంలో ట్యాంకు ఖాళీ చేసినప్పుడు తిప్పిన బైపాస్ వాల్వును సగమే వెనక్కి తిప్పిన ఘనత నాదే. చన్నీళ్లు ట్యాంకును తప్పించుకుని నేరుగా వేడినీళ్ల గొట్టంలో కలుస్తున్నాయి. ఆ వాల్వును మంచం కింద చేయి పట్టని మూలలో అమర్చిన వాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

ట్యాంకు ఉక్కుది కనుక ఆనోడ్ కడ్డీని, అంటే ట్యాంకు తుప్పు పట్టకుండా దానికి బదులు తాను అరిగిపోయే కడ్డీని, ఏటా విప్పి చూస్తాను. ముప్పాతిక అరిగితే మార్చేస్తాను. విప్పే ముందు నీళ్లు పూర్తిగా చల్లారాలి, పంపు ఆపి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి వదలాలి. మొదటిసారి ఆ ఒత్తిడి వదలడం మరిచిపోయి, పూర్తి స్నానం చేసినంత తడిశాను.