చేతి కొలతకు చేయించుకున్న వంటింటి కత్తి: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

బెంగళూరులో సొంత కొలిమి పెట్టుకొని ఒంటరిగా పనిచేసే ఒక తయారీదారు చేత చేయించుకున్న ఎనిమిది అంగుళాల కత్తి కొన్నేళ్లుగా చెన్నైలోని మా వంటింట్లో రోజూ పనిలో ఉంది. ఆయన డబ్బు మాట ఎత్తకముందే, నేను ఏ కూరగాయలు ఎక్కువ తరుగుతానో, పలక మీద కత్తిని ఊపుతానో నిలువుగా దించుతానో అడిగి, అరచేతిని కాగితం మీద గీసి పంపమన్నారు. ఆవకాయకు మామిడికాయలను టెంకతో కొట్టడానికి ఇది పనికిరాదని, వాదర పెచ్చులూడుతుందని కూడా ముందే చెప్పారు. ఇంత నిక్కచ్చిగా మాట్లాడేవారికే ఇలాంటి పని అప్పగించాలి.

ఉక్కు 52100 రకం. బాల్ బేరింగులకు వాడే ఈ ఉక్కులో కార్బన్ దాదాపు 1 శాతం, క్రోమియం 1.5 శాతం ఉంటాయి. స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి క్రోమియం కనీసం 10.5 శాతం కావాలి కాబట్టి దీనికి తుప్పు తప్పదు. అయితే నూనెలో చల్లార్చి, పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేసి సరిగ్గా టెంపర్ చేస్తే సన్నటి వాదరను చాలాకాలం నిలుపుకుంటుంది. అలుగు మీద అలల్లాంటి గీతలు కనిపించే డమాస్కస్ నమూనా వద్దన్నాను. నేడు ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా వేర్వేరు ఉక్కు పొరలను అతికి సాగగొట్టినవే. పాత డమాస్కస్ కత్తులకు వాడారని చెప్పే, ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) తయారుచేసిన ఉక్కుతో వాటి పోలిక పైపైదే. ఆ నమూనాకయ్యే డబ్బును వాదర వెనుక భాగాన్ని పల్చగా తీయించడానికి వెచ్చించడం మేలు. కంద కోసేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది: మందపాటి కత్తి సగం దిగాక ముక్కను చీల్చేస్తుంది, దీనితో కోసిన ముక్క అంచు అద్దంలా నున్నగా వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. వెన్ను అంచులను గుండ్రంగా తీయకపోవడం వల్ల, అలుగును పట్టుకునే చోట నా చూపుడువేలు కాయ కాచింది. తిరిగి పంపితే డబ్బు తీసుకోకుండా నునుపు చేసిచ్చారు. చెప్పిన గడువు మాత్రం చాలా దాటింది. సగం సొమ్ము ముందే ఇచ్చినవారికి ఆ ఎదురుచూపు కష్టమే.

చెన్నై తేమలో దీన్ని తడిగా వదిలేస్తే కాసేపటికే నారింజ రంగు చుక్కలు లేస్తాయి. అరటికాయ జిగురు, చింతకాయ పులుపు తగిలి మొదట మచ్చలు పడిన అలుగు క్రమంగా నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగింది. ఆ పొర కుదిరాక తుప్పు బాగా తగ్గింది, కోసిన ఉల్లిపాయకు అంటుకునే ఇనుప వాసనా పోయింది. ఊరెళ్లేటప్పుడు కొబ్బరినూనె పల్చగా రాసి పెడతాను. సాన ఇంట్లోనే 1000 నంబరు రాయి మీద, ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీల వాలులో పడతాను. వీధిలో వచ్చే సాన చక్రానికి ఇవ్వకూడదు, ఆ రాపిడి వేడికి వాదర మెత్తబడిపోతుంది.

కత్తిని సింకులో వేసి మరిచిపోయే ఇల్లయితే ఇదే ఆకారాన్ని, ఇదే పిడి కొలతను స్టెయిన్‌లెస్ ఉక్కులో చేయించుకోవడం మంచిది.