జాంగో సోలోలు రాసుకోవడానికి ‘ట్రాన్స్‌క్రైబ్’: నాలుగేళ్లు వాడాక

మొదట్లో నేనూ నెట్‌లో డబ్బు కట్టి ట్యాబ్ (ఏ తీగ మీద ఎక్కడ నొక్కాలో చూపే గిటార్ రాత) కొన్నాను. ‘మైనర్ స్వింగ్’ అనే పాటలో జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించిన సోలో అది. నెల రోజులు సాధన చేసి రికార్డింగ్‌తో కలిపి వాయిస్తే నాలుగు చోట్ల స్వరాలే తేడా. మరికొన్ని చోట్ల స్వరం సరే గానీ, ఆ వేగంలో చెయ్యి అందే చోట రాయలేదు. ఆ తర్వాత ట్యాబ్‌లు కొనడం మానేసి సెవెన్త్ స్ట్రింగ్ వాళ్ల ‘ట్రాన్స్‌క్రైబ్’ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. నాలుగేళ్లలో పదకొండు సోలోలు మొదటి నుంచి చివరిదాకా రాశాను.

పేరు చూసి అదే రాసిచ్చేస్తుందని అనుకోకండి. రాయాల్సింది మనమే. అది చేసేదల్లా శ్రుతి మారకుండా వేగం తగ్గించడం, కావలసిన ముక్కను తిప్పి తిప్పి వినిపించడం. నిమిషానికి 240 బీట్ల పాటలో సెకనుకు ఎనిమిది స్వరాలు దొర్లిపోతాయి. సగానికి తగ్గిస్తే నాలుగు. నాలుగైతే చెవికి చిక్కుతాయి. పాట నడుస్తుండగా ఎం నొక్కితే బార్‌కి (తాళంలో ఒక చుట్టు), బి నొక్కితే బీట్‌కి గుర్తు పడుతుంది. ముందుగా ఆ గుర్తులన్నీ పెట్టుకోండి. గంట పడుతుంది, కానీ తర్వాత ‘ఎక్కడున్నాం’ అని తడుముకునే పని ఉండదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది శ్రుతి సవరణ. 1930ల నాటి 78 ఆర్‌పీఎం రికార్డులు అన్నీ ఒకే వేగంతో కోసినవి కావు, ఒకే వేగంతో డిజిటల్‌లోకి ఎక్కించినవీ కావు. అందుకే మన గిటార్ ఎంత బాగా శ్రుతి చేసినా పక్కనే వాయిస్తే ఏదో గీసుకున్నట్టు ఉంటుంది. సెంట్ల లెక్కలో (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పాటనే కాస్త పైకో కిందికో జరిపితే రెండూ అతుక్కుంటాయి. ఈ సంగతి తెలియక మొదటి సోలో మీద చాలా రోజులు పోగొట్టుకున్నాను. ఈక్వలైజర్‌తో కింది స్థాయి తగ్గిస్తే డబుల్ బేస్ వెనక్కి తగ్గుతుంది. కానీ కుడి, ఎడమ ఛానెళ్లను విడదీసి వాయిద్యాలను తప్పించే చిట్కాలు వీటి మీద పారవు. అవన్నీ మోనో రికార్డింగులు. రెండు రిథమ్ గిటార్లు ‘లా పోంప్’ అనే దరువు కొడుతుంటే, వాటి మధ్యలోంచే సోలో స్వరం ఏరుకోవాలి.

తెర మీద పియానో మెట్ల పైన స్పెక్ట్రమ్ కొండలు లేస్తాయి. ఎత్తైన కొండ ఉన్నదే స్వరం అనుకుంటే దెబ్బ తింటారు. అసలు స్వరంతో పాటే పైన మోగే అనుస్వరాలూ (ఓవర్‌టోన్లు), రిథమ్ గిటార్లూ కూడా అక్కడే లేస్తాయి. ముందు గొంతుతో పాడతాను, తర్వాత తీగ మీద వెతుకుతాను, అప్పటికీ అనుమానం ఉంటేనే ఆ కొండల వంక చూస్తాను.

పాడడం అంటే సరిగమల్లోనే. A మైనర్‌లో ‘A’ని షడ్జమం చేసుకుంటే, హార్మోనిక్ మైనర్ మనకు తెలిసిన కీరవాణే. E7 కార్డ్ వచ్చినప్పుడు జాంగో తరచూ ఎక్కే డిమినిష్డ్ మెట్లు (మూడేసి అరస్వరాల ఎడంతో ఉండే స్వరాలు) కీరవాణిలోని ని, రి, మ, ద. ఒక సోలో చివర రెండు బార్లు పది రోజులు నన్ను ఏడిపించాయి. ఓ సాయంత్రం అదే ముక్కను నాలుగో వంతు వేగంలో వింటూ ‘నిరిమద నిరిమద’ అని పాడేసరికి విడిపోయింది. చేతి వేళ్ల ఆకారం మార్చకుండా మూడు ఫ్రెట్లు (గిటార్ మెడ మీది గళ్లు, ఒక్కోటి అరస్వరం) పైకి జరిపితే మళ్లీ అవే నాలుగు స్వరాలు, వేరే వరుసలో. ఆయన చేసింది అదే. నేను మాత్రం అడ్డంగా ఆరు తీగల మీద వెతుకుతూ కూర్చున్నాను.

ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేనిది ఈ ‘ఎక్కడ వాయించాడు’ అన్నదే. 1928లో జాంగో ఉండే కారవాన్‌కు (బండి ఇంటికి) నిప్పంటుకుని ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. సోలో అంతా చూపుడు వేలు, మధ్య వేలుతోనే. కాబట్టి నాలుగు వేళ్లకు హాయిగా ఉండే చోటు దాదాపు ఎప్పుడూ తప్పే. మెడ పొడవునా పరిగెత్తే దారి వెతకాలి. తీగ మారినప్పుడల్లా కుడిచేతి పిక్ కిందికే పడాలి అన్న నియమం కూడా కలిపి చూస్తే ఒకటో రెండో దారులే మిగులుతాయి. 1930ల చివర ఆయన క్వింటెట్ (అయిదుగురి బృందం) వాయిస్తుండగా తీసిన చిన్న సినిమా ఒకటుంది. అందులో ఆయన ఎడమచెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. రాయడం మొదలుపెట్టే ముందు పదిసార్లు చూడండి.

రికార్డింగ్ ఎంచుకోవడంలో ఒక్క జాగ్రత్త. ‘మైనర్ స్వింగ్’ అని వెతికితే 1937 నవంబరులో పారిస్‌లో చేసిందీ వస్తుంది, 1949లో రోమ్‌లో చేసిందీ వస్తుంది. సోలోలు పూర్తిగా వేరు. ఏ ఏడాది రికార్డింగో రాసుకోకుండా మొదలుపెట్టకండి. ఈ శైలికి ఉన్న ‘జాజ్ మనూష్’ అన్న ఫ్రెంచ్ పేరుతో వెతికితే ఫ్రాన్స్‌లో తరతరాలుగా వాయిస్తున్న వాళ్లు ఎక్కువగా దొరుకుతారు. మనూష్ అంటే రోమానీ భాషలో మనిషి. మన ‘మనిషి’కీ దానికీ మూలం ఒకటే అని తెలిసిన రోజు చాలా సంతోషమేసింది.

‘ట్రాన్స్‌క్రైబ్’కు నెలవారీ చందా లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, 30 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. తెర పాతకాలపు తీరులో ఉంటుంది, నాకైతే అడ్డు కాలేదు.

ఇప్పుడు 1940 నాటి ‘నువాజ్’ మీద ఉన్నాను. నెమ్మది పాట, వేగం తగ్గించే పని లేదు. స్వరాలన్నీ రెండు రోజుల్లో దొరికాయి. కానీ ఒక్కో స్వరం చివర వేలు ఎంత సేపు, ఎంత వెడల్పుగా ఊపాడో రాయడానికి నోటేషన్‌లో ఉన్న అల గీత చాలడం లేదు. ప్రతి స్వరం పక్కన పెన్సిల్‌తో ఆ ఊపును వేరువేరుగా గీసుకుంటున్నాను. ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను.