పాత వ్యాక్స్ పోయింది, రంగు మిగిలింది

మిర్యాలగూడలో నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద ఒక కార్ వాష్ ఉంది. రేకుల షెడ్డు, కారు ఎక్కించే ర్యాంపు, ముందొక వేపచెట్టు. బోర్డు మీద ‘కార్ వాష్’ అన్న మాట తప్ప పేరంటూ లేదు కాబట్టి నేనూ రాయలేను. ఆ రోడ్డున తిరిగేవాళ్లు పక్కనున్న టైర్ల దుకాణాన్ని బట్టి గుర్తుపడతారు. అక్కడ నా కారుకు పాత వ్యాక్స్, అంటే మెరుపు కోసం రంగు మీద పూసే మైనం, తీయించాను. కారు కడిగే చోటు గురించి ఇంత రాయాలా అని మావారు అడిగారు. రాయాల్సిందే. మెరిపిస్తాం అనేవాళ్లు వీధికొకరున్నారు; ఆ మెరుపు కోసం దేన్ని అరగదీస్తున్నారో తెలిసి పనిచేసేవాళ్లు నాకు ఇక్కడే దొరికారు.

కారు ముదురు నీలం రంగుది, కొని ఎనిమిదేళ్లయింది. నేను ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను, కాలేజీ దామరచర్ల వైపు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రోజూ వెళ్లివచ్చేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వాడపల్లి సిమెంటు లారీలు లేపే దుమ్ము ఒక ఎత్తు, ఊళ్లోకి వచ్చాక రైసుమిల్లుల ఊక బూడిద ఇంకో ఎత్తు. వీటికి తోడు మా మరిది. పండక్కి వచ్చినప్పుడల్లా ‘వదినా, కారు తళతళలాడాలి’ అంటూ డబ్బాలోని వ్యాక్స్ తీసి, ఉన్న దుమ్మును ఉన్నట్టే ఉంచి పైన పులిమేస్తాడు. మనిషి మంచివాడే, చెయ్యి ఊరుకోదు. అలా పొర మీద పొర పడి బానెట్ నీలం కాస్తా బూడిద నీలమైంది. బంపర్ నల్ల ప్లాస్టిక్ మీద, డిక్కీ మీది అక్షరాల సందుల్లో వ్యాక్స్ తెల్లగా ఎండి గడ్డకట్టింది.

నిజానికి వ్యాక్స్ ఎంతోకాలం ఉండే సరుకు కాదు. చాలా కార్ వ్యాక్స్‌ల్లో ఉండే కార్నూబా మైనాన్ని బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగని గట్టి మైనం అది. అయినా మన ఎండలకు, కడుగుళ్లకు రెండు మూడు నెలల్లో అరిగిపోతుంది. మైనం బదులు పూసే కృత్రిమ సీలెంట్లు ఇంకొంత కాలం నిలుస్తాయి. అన్నిచోట్లా సమంగా అరిగితే ఏ బాధా లేదు. బానెట్ మీద పోతుంది, డోరు కింది భాగంలో ఉండిపోతుంది, ఉన్నచోట దుమ్మును కరిచిపట్టుకుంటుంది. దాని మీద కొత్త వ్యాక్స్ వేసినా, కోటింగ్ వేసినా సరిగ్గా అంటుకోదు. కొత్తది వేయాలంటే పాతది పోవాలి, రంగు మాత్రం ఉన్నచోటే ఉండాలి.

ఇక సలహాల సంగతి. ఊళ్లోనే ఇంకో చోట, పేరెందుకు లెండి, కారును చూసీ చూడకముందే ‘రబ్బింగ్ కొట్టేద్దాం మేడమ్, పది నిమిషాల పని’ అన్నారు. కంపెనీ నుంచి వచ్చిన కారుకు రంగంతా కలిపి 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్). అందులో పైనున్న పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారే, అది సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక అంత మందం కూడా ఉండదు. రబ్బింగ్ కాంపౌండ్‌లో ఉండేది మెత్తటి రాపిడి పొడి. అది మైనాన్ని తీస్తుంది, మైనంతో పాటు ఈ పొరనూ కొంత తీస్తుంది. ఎండ నుంచి కింది రంగును కాచేది ఆ పొరే, అరిగింది మళ్లీ రాదు. గీతలు పోగొట్టడానికి రబ్బింగ్ కొట్టించుకుంటే అర్థముంది. ఉత్త వ్యాక్స్ తీయడానికి అంత పని చేయించడం దండగ.

లారీ మెకానిక్ ఒకాయన కిరోసిన్ గుడ్డతో తుడవమన్నాడు. తుడిస్తే మెరుస్తుంది, కాదనను. ఆ మెరుపు కిరోసిన్ వదిలిపోయే జిడ్డుది. సాయంత్రానికి ఊళ్లో ఉన్న ఊక బూడిదంతా దాని మీదే వాలుతుంది. రంగుల మేస్త్రీ థిన్నర్ పేరెత్తాడు. థిన్నర్‌లో టాల్యూన్, అసిటోన్ లాంటివి కలుస్తాయి. కంపెనీ రంగు కాసేపు తట్టుకుంటుందేమో గాని, బయట టచింగ్ చేయించిన చోట, అంటే మళ్లీ రంగు వేయించిన చోట, రంగు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. హైదరాబాదులో ఒక పెద్ద దుకాణానికి ఫోను చేస్తే వ్యాక్స్ ఊసెత్తకుండా, రంగు మీద గట్టి పొరలా అతుక్కునే సిరామిక్ కోటింగ్ ధర చెప్పడం మొదలుపెట్టారు. మరి కింద ఉన్న పాత మైనం సంగతేమిటని అడిగితే ‘అదంతా మేం చూసుకుంటాం’ అన్నారు. ఎలా చూసుకుంటారో చెప్పలేదు.

సాగర్ రోడ్డు యజమాని చేసిన మొదటి పనికే నాకు నమ్మకం కుదిరింది. కారు మీద నీళ్లు చల్లి చూశాడు. కొన్నిచోట్ల నీళ్లు గుండ్రంగా బొట్లు కట్టాయి, కొన్నిచోట్ల పరదాలా జారిపోయాయి. బొట్లు కట్టినచోట మైనం ఉన్నట్టు. జారినచోట లేనట్టా అని అడిగాను. ‘అలా అనుకోలేం మేడమ్, పైన మురికి పేరుకున్నా జారుతుంది’ అన్నాడు. నిజమే. ఆ తర్వాత చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని, కడిగిన బానెట్ మీద వేళ్లు ఆనీ ఆననట్టు నడిపించాడు. నన్నూ చూడమన్నాడు. ఉత్త చేత్తో నున్నగా అనిపించిన బానెట్ కవరు తొడిగిన చేతికి గరుకుగా, సన్నటి ఇసుక చల్లినట్టు తగిలింది. రంగును పట్టుకుని కూర్చున్న సిమెంటు, బూడిద, బ్రేకుల ఇనుప రజను అది.

వెనక ఎడమ డోరు దగ్గర ఆగాడు. ‘ఇది బయట రంగు వేయించారా?’ అన్నాడు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచుకు సన్నగా నీలం అంటి ఉంది, దాన్ని బట్టి పట్టేశాడు. ఒక తెల్లగుడ్డ మీద పాలిష్ చుక్క వేసి, డోరు తీసి లోపలి అంచు మీద రుద్ది చూపించాడు. గుడ్డ నీలమైంది. అంటే ఆ డోరు మీద క్లియర్ కోట్ లేదు, ఉత్త రంగే. ఆ డోరును షాంపూతోనే సరిపెడతానని, మందేదీ తగలనివ్వనని ముందే చెప్పాడు. నేను అడిగి ఉంటే గొప్ప సంగతి కాదు, అడక్కుండా చెప్పాడు.

కారును నీడకు తీసుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి చల్లబడిందని తేలాకే పని మొదలుపెట్టారు. ఎండలో కాలిన రేకు మీద ఏ మందు వేసినా నిమిషంలో ఆరిపోయి మరక కడుతుంది. ముందు గట్టి షాంపూతో రెండు బకెట్ల కడుగుడు: ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. తర్వాత నారింజ వాసన కొట్టే ఒక క్లీనర్‌ను నీళ్లలో కలిపి చల్లారు. నారింజ తొక్కల నూనెలో ఉండే లిమొనీన్ మైనాన్ని, జిడ్డును బాగానే కరిగిస్తుంది. ఆరనివ్వకుండా కడిగేశారు.

అసలు పని క్లేది. పేరుకు బంకమట్టే గాని, రంగు మీది మురికిని లాగడానికి తయారుచేసే మెత్తటి కృత్రిమ ముద్ద అది, చేతిలో చపాతీ ముద్దలా ఒదుగుతుంది. బానెట్ మీద షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ముక్కను బిళ్లలా నొక్కి, అదమకుండా నిలువుగా, అడ్డంగా జరిపారు, గుండ్రంగా ఎక్కడా తిప్పలేదు. మొదట్లో సర్‌సర్‌మని చప్పుడు వచ్చింది. జరుపుతున్నకొద్దీ చప్పుడు సన్నగిల్లి, చివరకు ముక్క నీళ్ల మీద జారిపోతున్నట్టయింది. తిప్పి చూపిస్తే అడుగున గోధుమరంగు చారలు. మడిచి, శుభ్రమైన వైపు పైకి తెచ్చుకుని మళ్లీ మొదలు. పనికుర్రాడి చేతిలోంచి ముక్క జారి నేల మీద పడింది. యజమాని దాన్ని కడగమనలేదు, డబ్బాలో పారేసి కొత్త ముక్క కోసి ఇచ్చాడు. కిందపడిన క్లే ఇసుకను మింగేస్తుంది, ఎంత కడిగినా వదలదు. దాంతో రుద్దితే గీతలే.

సిమెంటు చుక్కలు క్లేకు కదల్లేదు. వెనిగర్‌లో నీళ్లు కలిపి, గుడ్డ ముంచి వాటి మీద కాసేపు పరిచాడు. గట్టిపడిన సిమెంటులో సున్నం, గాలి తగిలి ఏర్పడిన కాల్షియం కార్బొనేట్ ఉంటాయి కాబట్టి ఆమ్లానికి లొంగింది. గుడ్డ తీస్తే చిన్న చిన్న బుడగలు. మా ప్రయోగశాలలో పిల్లలకు చూపించే చర్యే నా కారు తలుపు మీద జరుగుతుంటే ముచ్చటేసింది, ఒప్పుకుంటాను. వెంటనే నీళ్లతో బాగా కడిగేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి కడుగుడు. ఇక్కడి బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చే పద్ధతికి ఏకంగా నల్గొండ పేరే పెట్టారు. కారు మీద పడే తెల్లమచ్చలు మాత్రం ఫ్లోరైడ్ వల్ల కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వస్తాయి. నీళ్లు ఆరితే లవణం రంగు మీద మిగులుతుంది. ఈయన మామూలు కడుగుడంతా బోరు నీళ్లతోనే కానిచ్చి, చివరిసారికి మాత్రం వాటర్ ప్లాంటు నుంచి తెప్పించిన ఇరవై లీటర్ల క్యాను వంచాడు. ఖర్చు తక్కువ, ఉపాయం గట్టిది.

ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో పల్చన చేసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచారు. ఇక్కడ ఆయనకూ నాకూ కాస్త వాదన. మిగిలిన వ్యాక్స్‌ను ఆల్కహాల్ తీసేస్తుందని ఆయన అంటాడు. కార్నూబా చల్లటి ఆల్కహాల్‌లో పెద్దగా కరగదని నేనంటాను. పాలిష్ నూనెలు, షాంపూ జిడ్డు పోవడానికి అది బాగా పనికొస్తుంది. మైనం పోయిందంటే ఆ పుణ్యం క్లేది, నారింజ క్లీనర్‌ది. ఆయన ఒప్పుకోలేదు, నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ నీళ్లు చల్లితే ఎక్కడా బొట్టు కట్టలేదు, కాబట్టి వాదన పొడిగించే అవసరం నాకూ రాలేదు.

లోపాలు లేవని కాదు. ప్రెషర్ గన్‌ను డోరు రబ్బర్లకు మరీ దగ్గరగా పెట్టారు. దూరం జరపమని చెప్పాల్సి వచ్చింది. చక్రాలు తుడిచిన గుడ్డతోనే కుర్రాడు డిక్కీ మీదికి వస్తుంటే ఆపాను. యజమాని పక్కన లేనప్పుడు ఆ కుర్రాడి మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది. నల్ల ప్లాస్టిక్ మీది తెల్లమరకలు మెత్తటి బ్రష్షుతో చాలావరకు పోయాయి గాని, డిక్కీ అక్షరాల సందుల్లో ఇంకా ఉన్నాయి. కూర్చోవడానికి ఒకే ప్లాస్టిక్ కుర్చీ, అదీ ఎవరు ముందొస్తే వాళ్లది. బిల్లు అడిగితే చీటీ రాసిస్తాడు.

మొత్తం 1,800 రూపాయలు తీసుకున్నాడు. మామూలు ఫోమ్ వాష్‌తో పోలిస్తే ఎక్కువే. పొద్దున ఇచ్చిన కారు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక చేతికొచ్చింది, అంతసేపూ ఇద్దరు పనిచేశారు. నాకు ధర సబబుగానే అనిపించింది. కొత్త వ్యాక్స్ కూడా వేయించమన్నాడు గాని బలవంతపెట్టలేదు. వ్యాక్స్ పోయిన రంగును ఎక్కువ రోజులు ఎండకు వదలవద్దని మాత్రం చెప్పాడు. డబ్బా కొని నీడలో నేనే పల్చగా ఒక్క పూత వేసుకున్నాను. డబ్బా ఇప్పుడు బీరువాలో ఉంది, తాళం నా దగ్గర. మా మరిదికి చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు ఆదివారం, పెళ్లిళ్ల ముహూర్తాల రోజులు మానుకోండి. పూలు కట్టించుకునే కార్లు బారులు తీరి ఉంటాయి, క్లే పని అడిగినా ఒప్పుకోడు. టచింగ్ చేయించిన భాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చెప్పండి. మైక్రోఫైబర్ గుడ్డలు ఇంట్లో ఉంటే రెండు పట్టుకెళ్లండి, అడిగితే వాటితోనే తుడుస్తాడు.