పాత పెట్రోల్ అంబాసిడర్‌కి ఏది మేలు: పాయింట్లా, ఎలక్ట్రానిక్ కిట్టా?

"పాయింట్లు మార్చాం, కండెన్సర్ మార్చాం, రోటర్ కూడా కొత్తదే. అయినా బండి వేడెక్కితే ఆగిపోతోంది. ఇక ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించేయమంటారా?" విశాఖలో పాత కార్లు ఉంచుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అంబాసిడర్ వాళ్లు అడుగుతారు, పద్మిని వాళ్లు అడుగుతారు, అరుదుగా స్టాండర్డ్ హెరాల్డ్ వాళ్లూ అడుగుతారు. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇది చదవక్కర్లేదు, వాళ్ల బండికి స్పార్కుతో పనే లేదు. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు: స్పార్కుకి కావాల్సిన హై వోల్టేజ్ తయారుచేసేది కాయిల్, దాన్ని వరసగా ప్లగ్గులకి పంచేది డిస్ట్రిబ్యూటర్. అందులో తిరిగే షాఫ్టు వల్ల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని కట్ చేసే చిన్న స్విచ్చే పాయింట్లు. వాటి మధ్య నిప్పురవ్వలు లేవకుండా కాపాడేది కండెన్సర్ (కెపాసిటర్ అన్నా అదే). షాఫ్టు మీద తిరుగుతూ, పైనున్న క్యాప్ ద్వారా ఒక్కో ప్లగ్గుకి వోల్టేజ్ అందించేది రోటర్. ఎలక్ట్రానిక్ కిట్ పాయింట్ల పని చేస్తుంది.

కిట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, ఆగిపోవడం ఎప్పుడు మొదలైందని. కొత్త పార్టులు వేసిన వారం పది రోజులకే మొదలైతే, ఆ కొత్త పార్టులనే అనుమానించాలి. ఇది చాలామందికి మింగుడుపడదు. డబ్బు పెట్టి కొన్నది, పెట్టెలోంచి మన ముందే తీసింది, అందులో లోపం ఎందుకుంటుంది అనుకుంటారు. దాన్ని వదిలేసి కార్బురేటర్ విప్పిస్తారు, పెట్రోల్ ట్యాంకు కడిగిస్తారు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక నింద వేయడానికి ఇంకోటి దొరికింది.

అరకు వెళ్లేవాళ్లకి ఇది బాగా తెలుసు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. ఎవరో ఒకరు పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేస్తారు. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది. "చెప్పాను కదండీ, పంపులో పెట్రోల్ ఆవిరైపోయింది" అంటారు. ఆ పావుగంటలో చల్లారింది పంపు ఒక్కటే కాదు, డిస్ట్రిబ్యూటర్ లోపలున్న కండెన్సర్ కూడా చల్లారింది. నాసిరకం కండెన్సర్ చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, వేడెక్కాక చేతులెత్తేస్తుంది. పేరు మాత్రం తడిగుడ్డకి వస్తుంది.

అసలు దోషి ఎవరో తెలియాలంటే బండి ఆగిన వెంటనే, చల్లారకముందే స్పార్కు చూడాలి. కాయిల్ నుంచి క్యాప్ నడిమధ్యకి వెళ్లే లావు వైరుని క్యాప్ దగ్గర ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, కొసని ఇంజిన్ లోహానికి ఓ 6 మి.మీ. దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. కార్బురేటర్‌కి దూరంగా, ఎక్కడా పెట్రోల్ కారడం లేదని చూసుకునే ఈ పని చేయాలి. నీలంగా, చిటపటమని స్పార్కు దూకితే అప్పుడు పెట్రోల్ వైపు చూడొచ్చు. పసుపుగా, సన్నగా వస్తున్నా, అసలు రాకపోయినా తడిగుడ్డ పక్కన పెట్టేయండి. డిస్ట్రిబ్యూటర్ లోపలి కండెన్సర్ వైరు ఊడదీసి, మంచిదని తెలిసిన ఇంకో కండెన్సర్‌ని బయట నుంచి తగిలించండి. దాని వైరు కాయిల్ మీద పాయింట్ల వైపు టెర్మినల్‌కి, దాని ఒళ్లు ఎర్త్‌కి. బండి వెంటనే అందుకుంటే ఇక వెతకక్కర్లేదు.

రెండో దొంగ రోటర్. కొన్ని బజారు రోటర్లలో పైనున్న ఇత్తడి రేకుని బిగించే రివెట్ లోపల షాఫ్టుకి మరీ దగ్గరగా ఉంటుంది. ప్లాస్టిక్ కూడా నాసిగా ఉంటే హై వోల్టేజ్ ప్లగ్గులకి వెళ్లకుండా ఆ రివెట్ మీదుగా షాఫ్టులోకి దిగిపోతుంది. చూడ్డానికి రోటర్ మీద గీత కూడా ఉండదు. క్యాప్ తీసి, అదే లావు వైరు కొసని రోటర్ మధ్యనున్న రేకుకి కొంచెం ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. మొదట ఒక చిన్న మెరుపు వస్తే ఫరవాలేదు, స్పార్కులు వరసగా దూకుతుంటే రోటర్ లీకవుతున్నట్టే.

ఇక పాయింట్లు. ఇవి ఒక్కసారిగా మోసం చేయవు, మెల్లగా చేస్తాయి. షాఫ్టు మీద రుద్దుకునే హీల్ మెత్తటి ప్లాస్టిక్‌దైతే త్వరగా అరిగిపోతుంది. 0.015 అంగుళాలకి సెట్ చేసిన గ్యాప్ మూసుకుపోతూ వస్తుంది, దాంతోపాటు టైమింగ్, అంటే స్పార్కు రావాల్సిన సమయం, వెనక్కి పోతుంది. బండి లాగదు, హీటెక్కుతుంది. అప్పుడు రేడియేటర్ విప్పిస్తారు! హీల్ రాసుకునే చోట కొద్దిగా గ్రీజు రాయడం కూడా చాలా షెడ్లలో మానేశారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. బజారులో దొరికే పాయింట్లు, కండెన్సర్, రోటర్ కొత్త సెట్టు కొనాలా, పాత స్టాకు వెతుక్కోవాలా, కిట్ పెట్టించాలా?

కొత్త సెట్టుకి ఉన్న గొప్ప అంతా చవగ్గా, వెంటనే దొరకడమే. పెట్టె మీద పెద్ద కంపెనీ పేరుంది కదా అని నమ్మేయకండి, పెట్టెలు అచ్చు వేయడం కష్టమేమీ కాదు. కొన్నా బండికి వేసే ముందు రోటర్ రివెట్ చూడండి, పాయింట్ల రెండు బిళ్లలు ఎదురెదురుగా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడండి, స్ప్రింగు గట్టిగా ఉందో లేదో చూడండి.

పాత స్టాకు అంటే, అంబాసిడర్లు రోడ్ల మీద వందలుగా తిరిగిన కాలంలో తయారై, షాపు అటకల మీద మిగిలిపోయిన సరుకు. ఆటోనగర్‌లోనూ, పూర్ణా మార్కెట్ వైపు పాత స్పేర్ పార్టుల షాపుల్లోనూ ఓపిగ్గా అడిగితే ఇంకా బయటికి తీస్తారు. ఇందులో పాయింట్లు, రోటర్, క్యాప్ ధైర్యంగా తీసుకోవచ్చు. పాయింట్ల బిళ్లల మీద పొర పట్టి ఉంటుంది, సన్నటి ఎమరీతో ఒకసారి రుద్ది తుడిస్తే చాలు. కండెన్సర్ మాత్రం పాత స్టాకులో కొనకండి. దాని లోపల కాగితం, రేకు చుట్టలు ఉంటాయి. వాడకపోయినా ఏళ్ల తరబడి తేమ లాగుతుంది. మన ఊరి సముద్రపు గాలిలో ఇక చెప్పాలా!

కండెన్సర్‌కి నేను చెప్పే దారి వేరు. టీవీలు బాగుచేసేవాళ్లు సామాను కొనే షాపులో 0.22 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ అడగండి. పెద్ద ఖరీదు ఉండదు. దాన్ని డిస్ట్రిబ్యూటర్ లోపల కాకుండా బయట, కాయిల్ పక్కన, వేడి తక్కువ తగిలే చోట కదలకుండా బిగించండి. ఘాట్ రోడ్డు మీద ఆగిపోయే బండ్లలో చాలావాటికి ఈ ఒక్క మార్పు చాలు.

ఎలక్ట్రానిక్ కిట్‌ని తీసిపారేయడం లేదు. పాయింట్ల చోట ఒక మాడ్యూల్, షాఫ్టు మీద అయస్కాంతపు రింగు, అంతే. అరిగేదేమీ లేదు, గ్యాప్ సెట్ చేసే పని లేదు, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మీ డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు పక్కలకి ఊగుతుంటే నిజానికి కిట్టే మేలు. ఊగే షాఫ్టు మీద పాయింట్ల గ్యాప్ ఏ రెండు సిలిండర్లకీ ఒకేలా నిలవదు, కిట్‌కి ఆ ఊగుడు పెద్దగా పట్టదు. రోజూ మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఆఫీసుకి తిప్పేవాళ్లకి కూడా కిట్టే సుఖం.

నాకు నచ్చనిది అది పోయే తీరు. పాయింట్లు పోతూ పోతూ కబురు పెడతాయి: మిస్సింగ్ కొడుతుంది, లాగడం తగ్గుతుంది. రోడ్డు పక్కన ఆపి ఎమరీ ముక్కతో రుద్దుకుని ఇల్లు చేరొచ్చు. మాడ్యూల్ పోతే అక్కడితో సరి. గాలికొండ దగ్గర ఏ మెకానిక్ చేతిలోనూ దానికి మందు లేదు. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసినా, వైర్లు తారుమారు చేసినా మాడిపోయే రకాలున్నాయి. లూకాస్ కంపెనీ వైరింగ్ ఉన్న మరీ పాత బండ్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే మైనస్ బదులు ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది, అది చూసుకోకుండా కిట్ తగిలిస్తే మొదటి రోజే పోతుంది. పైగా కిట్ పెట్టినా రోటర్, క్యాప్ పాతవే ఉంటాయి కదా. రోటర్ లీకవుతున్న బండికి ఎంత ఖరీదైన కిట్ పెట్టినా అదే మిస్సింగ్ అలాగే ఉంటుంది.

మొత్తం డిస్ట్రిబ్యూటరే కొత్తది వేయించేద్దామనేవాళ్లూ ఉన్నారు. అందులో వచ్చేవీ అదే బజారు పాయింట్లు, అదే రోటర్. ఇంజిన్ వేగాన్ని బట్టి స్పార్కు ఎంత ముందుగా రావాలో అదుపు చేసే అడ్వాన్సు స్ప్రింగులు మీ ఇంజిన్‌కి సరిపోతాయో లేదో అదనపు టెన్షన్. షాఫ్టు ఊగితే దాన్ని పట్టి ఉంచే బుష్ కొత్తది వేయించుకోవడం నయం.

అందుకే షాఫ్టు గట్టిగా ఉన్న బండికి నా ఓటు పాత స్టాకు పాయింట్లు, రోటర్‌కి, దానితో బయట బిగించిన కెపాసిటర్‌కి. కిట్టే కావాలనుకుంటే, మెకానిక్ విప్పిన పాయింట్ల ప్లేటుని షెడ్‌లో వదిలి రాకండి. కెపాసిటర్‌తో సహా ఒక డబ్బాలో పెట్టి, గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవర్ జతచేసి డిక్కీలో పడేయండి. ఎక్కడ ఆగినా అరగంటలో మార్చుకోవచ్చు.