మూతపడిన మిల్లులోని ఆరడుగుల లేతు: తుప్పు వదిలించి వాడుకోవచ్చా?

కోనసీమలో గోదావరి పాయ అయిన వశిష్ఠ గట్టుకు ఆనుకుని ఉన్న ఒక మూతపడిన రైస్ మిల్లులో అమ్మకానికి పెట్టిన ఆరడుగుల లేతును (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రాన్ని) పరిశీలించి, కొని, విప్పి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. పంజాబులోని బటాలాలో తయారైన పాత తరహా బెల్టు లేతు అది. మెట్ల పుల్లీ, పనిముక్కను తిప్పే తలభాగమైన హెడ్‌స్టాక్‌లో గన్‌మెటల్ బుష్షులు, మరలు కోయడానికి చేత్తో మార్చుకునే విడి గేర్లు. మిల్లు ఆడిన రోజుల్లో హల్లర్ షాఫ్టులూ, ఎలివేటర్ పుల్లీల బుష్షులూ దీని మీదే లేతు పట్టేవారట. అమ్మినవారు మొదట యంత్రం ధర చెప్పి, పాత ఇనుము వ్యాపారులు వచ్చి చూసి వెళ్ళాక తూకం ధరకు దిగారు.

చూడగానే భయపెట్టేది తుప్పే. సముద్రం మీది ఉప్పుగాలి, చేల తేమ కలిసే ఈ ప్రాంతంలో నూనె పూయకుండా వదిలిన ఇనుము ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది కనుక, పైకి కనిపించే ఎరుపును బట్టి యంత్రాన్ని కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. కిరసనాయిలులో తడిపిన స్క్రబ్బరుతో రుద్దినప్పుడు బెడ్డు (లేతు పొడవునా ఉండే పోత ఇనుము పీఠం) నల్లని మచ్చలతో నున్నగా తేలితే ఇబ్బంది లేదు. గోరు తగిలేంత గుంటలు పడితే ఆలోచించాలి. ఇక్కడ గుంటలు టెయిల్‌స్టాక్ (పనిముక్క రెండో కొసను ఆనించే భాగం) వైపు చివర, టూలును మోస్తూ బెడ్డు మీద జరిగే సాడిల్ అరుదుగా వెళ్ళే చోట మాత్రమే ఉన్నాయి.

అసలు నిర్ణయించేది అరుగుదల. పాత లేతుల్లో బెడ్డు, పనిముక్కను పట్టి తిప్పే చక్కు దగ్గరే ఎక్కువగా అరుగుతుంది, ఎందుకంటే పొట్టి పనులన్నీ అక్కడే జరుగుతాయి. సాడిల్‌ను చక్కు దగ్గర నిలిపి, దాని వదులు తగ్గించే పట్టీలైన గిబ్బులను బిగువుగా సరిచేసి, మెల్లగా టెయిల్‌స్టాక్ వైపు నడిపితే, అరగని భాగానికి చేరేసరికి అది పట్టేస్తుంది. ఎంత బలంగా పట్టేస్తే అంత అరిగినట్టు. ఈ లేతులో సాడిల్ బిగుసుకుంది గాని ఆగిపోలేదు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి, సందును కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో చూస్తే పల్లం 0.1 మిల్లీమీటరు దాకా ఉంది. ఈ అంకె విని బెంబేలు పడనక్కరలేదు. టూలు సెంటరు ఎత్తు నుంచి 0.1 మిల్లీమీటరు కిందికి దిగితే 50 మిల్లీమీటర్ల షాఫ్టు వ్యాసంలో వచ్చే తేడా 0.001 మిల్లీమీటరు కూడా ఉండదు. అదే టూలు పక్కకు అంతే జరిగితే వ్యాసం 0.2 మిల్లీమీటర్లు మారిపోతుంది. అందువల్ల బెడ్డు ఎంత దిగిందన్నదాని కన్నా ముందు వైపు వీ ఆకారపు పట్టాలు ఏ ముఖం మీద, ఎంత ఏటవాలుగా అరిగాయన్నదే ముఖ్యం. ఇందులో ఆ అరుగుదల స్వల్పం. అడుగు పొడవు షాఫ్టు మీద ఏటవాలు వెర్నియరు కొలతకు అందలేదు, ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటరు పరికరానికే దొరికింది.

1986 ఆగస్టు గోదావరి వరదను చూసిన గట్టు పక్క ఊర్లలో ఏ యంత్రం కొన్నా హెడ్‌స్టాక్ మూత తీయించకుండా బేరం ముగించకూడదు. బురద ఒకసారి బుష్షుల్లోకి దిగితే సాన పొడిలా పనిచేసి, చక్కును తిప్పే ఇరుసైన స్పిండిల్‌ను కోసేస్తుంది. ఇక్కడ లోపల గట్టిపడిన గ్రీజు తప్ప ఒండ్రు లేదు. చక్కులో కర్రమొద్దు బిగించి పైకి ఎత్తి చూస్తే డయల్ గేజ్ 0.05 మిల్లీమీటరు చూపింది. బుష్షుల మూతల కింద పెట్టిన పలుచని రేకులను తగ్గించి బిగిస్తే సరిపోయే లూజు ఇది.

లోపం గేర్లలో బయటపడింది. మరలు కోసేటప్పుడు సాడిల్‌ను నడిపే లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 5తో హెచ్చిస్తే 127 కనుక, మిల్లీమీటరు మరలు కచ్చితంగా రావాలంటే 127 పళ్ళ గేరు కావాలి, అది పోయింది. దాని బదులు, 127లో దాదాపు సగమైన 63 పళ్ళ గేరుతో సర్దుకోవచ్చు గాని తేడా నూటికి 0.8 వంతు వస్తుంది. నట్టు ఎక్కే పొట్టి బోల్టుకు పరవాలేదు, పొడవైన జాక్ స్క్రూకు పనికిరాదు. కొత్త గేరు కోయించుకునే ఖర్చును కూడా బేరంలో కలిపి మాట్లాడాలి.

శుభ్రం చేసేటప్పుడు విడిభాగాలకు చాకలి సోడా నీళ్ళు, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు చాలు: భాగానికి నెగెటివ్, పాత ఇనుప రేకుకు పాజిటివ్. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు ఏర్పడతాయి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి. బెడ్డు మీద మాత్రం గ్రైండరూ, ఎమరీ కాగితమూ వద్దు. పోత ఇనుములో ఇరుక్కున్న ఎమరీ రజను తర్వాత సాడిల్‌ను తినేస్తుంది.

మోటారు పాతదే, తీసి పక్కన పెట్టవచ్చు. ఇంట్లో సింగిల్ ఫేజ్ మాత్రమే ఉన్నవారు రెండు హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారును డెల్టా కనెక్షనుకు మార్చి, సింగిల్ ఫేజ్‌ను త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీ పరికరంతో నడుపుకోవచ్చు.

చేపల, రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, పంపు బుష్షులు, ట్రాక్టరు పిన్నులు చేసే కొట్టుకు తూకం ధరలో ఈ లేతు నిస్సందేహంగా కొనదగినది. అడుగు దాటిన షాఫ్టులను మైక్రోమీటరు కొలతకు లేతు పట్టి ఇవ్వవలసినవారు, బెడ్డును గ్రైండింగ్ చేయించే ఖర్చు, టన్నుకు దగ్గరగా ఉండే ఆ బరువును పట్నానికి చేర్చే లారీ కిరాయి లెక్కవేస్తే, నడుస్తున్న సెకండ్ హ్యాండ్ గేర్ హెడ్ లేతు (బెల్టు పుల్లీలకు బదులు గేర్లతో వేగం మార్చేది) చూసుకోవడమే నయం.